ఐపీవీ6 టన్నెళ్లు: అరువు దారిలో కొత్త ఇంటర్నెట్

హరికేన్ ఎలక్ట్రిక్ అనే అమెరికా నెట్‌వర్క్ కంపెనీ నడిపే టన్నెల్ బ్రోకర్ సైటులో ఖాతా తెరిచాక, కొత్త టన్నెల్ (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రసులైన ఐపీవీ6ను పాత తరం ఐపీవీ4 దారిలో అందించే మార్గం) కోసం అడిగే వివరాలు రెండే. మీ ఐపీవీ4 అడ్రస్ ఏమిటి, ఏ నగరంలోని సర్వర్‌కు కలపాలి. సైటు ముందుగా ఆ అడ్రసుకు ఒక పింగ్, అంటే 'ఉన్నావా' అని అడిగే చిన్న సందేశం, పంపి చూస్తుంది. అటునుంచి జవాబు వస్తే పని దాదాపు అయిపోయినట్టే. నిమిషం తిరక్కుండా టన్నెల్ రెండు కొసల అడ్రసులూ, ఇంట్లోని పరికరాలకు పంచుకోవడానికి /64 అనే ఐపీవీ6 అడ్రసుల బ్లాకూ తెర మీదికి వస్తాయి. /64 అంటే ఎంతో ఊహకు అందాలంటే, ఐపీవీ4లో ఉన్న మొత్తం 429 కోట్ల అడ్రసులను అన్నే కోట్ల సార్లు పేర్చుకోవాలి. అదీ చాలదనిపిస్తే ఇంకో బటన్ నొక్కి /48 తీసుకోవచ్చు. అందులో ఇలాంటి /64లు 65,536 ఉంటాయి. దీనికి ఒక్క పైసా అడగరు.

నెలనెలా బిల్లు కట్టించుకునే ఇంటర్నెట్ కంపెనీ ఏళ్ల తరబడి ఇవ్వలేనిదాన్ని ముక్కూమొహం తెలియని ఇంకో కంపెనీ ఉచితంగా ఇచ్చేస్తోంది. పాతికేళ్లుగా నడుస్తున్న ఈ టన్నెల్ సేవల కథలో మొదటి వింత ఇదే. రెండోది ఇంకా పెద్దది. ఇలాంటి సేవ తన పని సరిగ్గా చేస్తే, చివరికి తన అవసరమే లేకుండా పోవాలి. అలా పోయిందా, పోయే వీలుందా అన్నది ఈ టెక్నాలజీ లోపలి పనితీరు చూస్తేగానీ తేలదు.

కవరులో కవరు

ఐపీవీ6ను ఐపీవీ4కి పెద్దన్న అనుకుంటే చిక్కు అర్థం కాదు. రెండూ వేరు వేరు భాషలు. నెట్‌లో పోయే ప్రతి డేటా మూట, అంటే ప్యాకెట్, మొదటి నాలుగు బిట్లలో వెర్షన్ నంబర్ ఉంటుంది. అక్కడ 6 కనిపిస్తే, 4 మాత్రమే తెలిసిన రౌటర్ ఆ ప్యాకెట్‌ను చదవదు, పక్కవాడికి అందించదు, పారేస్తుంది. 1981లో ఖరారైన ఐపీవీ4కి 32 బిట్ల అడ్రస్, 1995 డిసెంబరులో మొదటి రూపం తీసుకున్న ఐపీవీ6కి 128 బిట్లు. పాతదాంట్లో కొత్తది ఇమిడే పద్ధతి అప్పట్లో పెట్టలేదు. మధ్యలో ఒక్క రౌటర్ కొత్త భాష నేర్చుకోకపోయినా ఆ దారి అక్కడితో తెగినట్టే.

అందుకే టన్నెల్. ఐపీవీ6 ప్యాకెట్‌ను ఎక్కడా విప్పకుండా, మార్చకుండా, ఒక ఐపీవీ4 ప్యాకెట్ పొట్టలో పెట్టి పంపడం. కవరులో కవరు పెట్టి పోస్టు చేసినట్టు. మధ్యలో ఉన్న రౌటర్లు బయటి కవరు మీది ఐపీవీ4 అడ్రస్ చూసి మామూలుగా ముందుకు తోస్తాయి. అవతలి కొసలో ఉన్న సర్వర్ పై కవరు చింపి, లోపలి ప్యాకెట్‌ను అసలైన ఐపీవీ6 ఇంటర్నెట్‌లోకి వదులుతుంది. పై కవరు మీద ఒక చిన్న గుర్తు మాత్రం ఉండాలి. ఐపీవీ4 హెడర్‌లో (ప్యాకెట్ ముందుండే చిరునామా భాగంలో) 'లోపల ఏముంది' అని చెప్పే గడి ఒకటి ఉంది. మామూలుగా డేటా మోసే పద్ధతులైన టీసీపీ అయితే అందులో 6, యూడీపీ అయితే 17, ఐపీవీ6 ప్యాకెట్ అయితే 41. నెట్‌వర్క్ పని చేసేవాళ్లు 'ప్రోటోకాల్ 41' అనేది దీన్నే. ఈ వ్యాసంలో రాబోయే సగం తలనొప్పులకు మూలం ఈ 41.

మొదట్లో ఇదంతా చేత్తో జరిగేది. 1996లో మొదలైన 6బోన్ అనే ప్రయోగాత్మక నెట్‌వర్క్ చాలా భాగం ఇలాంటి టన్నెళ్లతో అల్లిందే. ఇద్దరు అడ్మిన్లు ఈమెయిల్‌లో అడ్రసులు ఇచ్చిపుచ్చుకుని, చెరో వైపు కమాండ్లు టైపు చేసి, ఒకరి అడ్రస్ మారితే ఇంకొకరికి మళ్లీ కబురు పెట్టుకునేవారు. పది మందితో ఇది సరదా పని, పది వేల మందితో అసాధ్యం. 2001 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3053 పేరుతో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఈ తంతును మూడు ముక్కలుగా విడదీసింది. యూజర్ మాట్లాడేది బ్రోకర్‌తో, అంటే ఒక వెబ్‌సైటుతో. అసలు ట్రాఫిక్ మోసేది వేరే ఎక్కడో ఉన్న టన్నెల్ సర్వర్. అడ్రసులకు పేర్లు తగిలించే పని డీఎన్‌ఎస్ సర్వర్‌ది. బ్రోకర్ పత్రాలు చూసే దళారి మాత్రమే, బరువు మోయడు. ఈ విభజన వల్లే ఒకే సైటు నుంచి ఖండాఖండాంతరాల్లోని సర్వర్లను పంచిపెట్టడం కుదిరింది.

అడగకుండానే వచ్చిన టన్నెళ్లు

బ్రోకర్ దగ్గర ఖాతా తెరవాలి, టన్నెల్ అడగాలి, సెట్ చేసుకోవాలి. ఇంత శ్రమ ఎందుకు, కంప్యూటరే తనంతట తాను టన్నెల్ వేసుకుంటే పోలేదా అన్న ఆలోచన కూడా అదే ఏడాది వచ్చింది. 2001 ఫిబ్రవరిలో వచ్చిన 6టు4 పద్ధతిలో ఖాతాలు లేవు, అనుమతులు లేవు. మీ ఐపీవీ4 అడ్రస్‌లోని 32 బిట్లను తీసుకెళ్లి '2002:' అనే ముందు భాగం పక్కన అతికిస్తే అదే మీ ఐపీవీ6 బ్లాకు. బయటికి వెళ్లే ప్యాకెట్లను 192.88.99.1 అనే అడ్రసుకు పంపితే, ఆ అడ్రస్ ప్రకటించుకున్న రిలేల్లో (మధ్యలో చేరవేసే సర్వర్లలో) దగ్గరున్నది అందుకుని అవతలికి చేరవేస్తుంది.

కాగితం మీద ముచ్చటగా ఉంది. ఆచరణలో మాత్రం ఆ దగ్గరున్న రిలే ఎవరిదో, ఎంత బరువు మోయగలదో, ఈ రోజు అసలు నడుస్తోందో లేదో ఎవరికీ తెలియదు. తిరుగు దారి ఇంకా ఘోరం. జవాబు పంపే నెట్‌వర్క్ తనకు దగ్గరలో ఉన్న వేరే రిలేను పట్టుకుంటుంది. వెళ్లడం ఒకరి పుణ్యాన, రావడం ఇంకొకరి పుణ్యాన. ఎక్కడైనా తెగితే ఫోన్ చేసి అడగడానికి ఒక నంబర్ లేదు, పెట్టడానికి ఒక ఫిర్యాదు లేదు. మధ్యలో ఫైర్‌వాల్ ప్రోటోకాల్ 41ను ఆపేస్తే పోయిన ప్యాకెట్ పోయినట్టే, ఎవరూ చెప్పరు.

ఇది నిపుణుల ఆటగా మిగిలి ఉంటే నష్టం లేదు. విండోస్ విస్టాలో, పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ దొరికితే 6టు4 దానంతట అదే మొదలయ్యేది. తన కంప్యూటర్‌లో ఐపీవీ6 అనేదొకటి ఉందని కూడా తెలియనివాళ్లకు సైట్లు తెరుచుకోవడం మానేశాయి. అసలు సంగతి ఏమిటంటే, ఆ కంప్యూటర్ తనకు ఐపీవీ6 ఉందని నమ్ముతోంది, అటు వెళ్తోంది, జవాబు రావడం లేదు, చాలాసేపు ఎదురుచూసి అప్పుడు ఐపీవీ4కి తిరిగొస్తోంది. ఈలోగా మనిషి విసిగిపోయి 'ఈ సైటు పనిచేయడం లేదు' అని పక్క సైటుకు వెళ్లిపోతున్నాడు. ఇలా ఇబ్బంది పడేవాళ్లు వెయ్యిలో ఒకరికంటే తక్కువే. కానీ కోట్ల మంది వచ్చే సైటుకు ఆ కాస్తా లక్షల మంది అవుతారు. పెద్ద సైట్లు ఐపీవీ6 తెరవడానికి జంకిన కారణం ఇదే. ఆ భయం తీర్చుకోవడానికే 2011 జూన్ 8న గూగుల్, ఫేస్‌బుక్, యాహూ లాంటివన్నీ కూడబలుక్కుని 24 గంటల పాటు ఒకేసారి ఐపీవీ6 తెరిచి చూశాయి. విరిగితే అందరికీ ఒకేసారి విరుగుతుంది, ఒక్కడి మీద నింద పడదు అన్న లెక్క. ఏడాది తిరిగాక, 2012 జూన్ 6న, ఆ తలుపు శాశ్వతంగా తెరిచారు.

మైక్రోసాఫ్ట్‌లో క్రిస్టియన్ హ్యూటెమా రూపొందించిన టెరెడోది ఇంకో రకం తెలివి. ఇంటి రౌటర్ల వెనక, అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఇంట్లోని పరికరాలన్నిటికీ పంచే న్యాట్ వెనక దాక్కున్న కంప్యూటర్లకు ప్రోటోకాల్ 41 పనికిరాదు కాబట్టి, ఇది ఐపీవీ6ను యూడీపీలో చుట్టి బయటికి పంపుతుంది. పడవల చెక్కకు చిల్లులు పెట్టే ఒక సముద్ర జీవి పేరు దీనికి పెట్టారు. న్యాట్ గోడకు చిల్లు పెట్టడమే దీని పని కనుక పేరు సరిగ్గా కుదిరింది. టెరెడో అడ్రస్‌లో యూజర్ ఐపీవీ4 అడ్రస్, పోర్టు నంబర్ (ఏ కనెక్షన్‌దో చెప్పే అంకె) దాగి ఉంటాయి, అదీ బిట్లు తిరగేసి. కొన్ని న్యాట్ రౌటర్లకు ప్యాకెట్ లోపల తమకు తెలిసిన అడ్రస్ ఎక్కడ కనిపించినా మార్చేసే దురలవాటు ఉంది. వాటి కళ్లుగప్పడానికి ఈ మరుగు. ఇంత తెలివి పెట్టినా, ఎవరిదో తెలియని రిలే మీద ఆధారపడే జబ్బు దీనికీ తప్పలేదు. 6టు4 రిలేలను వాడొద్దని 2015 మేలో ఆర్‌ఎఫ్‌సీ 7526 చెప్పేసింది. టెరెడో ఎక్స్‌బాక్స్ వన్‌లో ఆటగాళ్లను నేరుగా కలపడానికి పనికొచ్చింది గానీ, సైట్లు తెరవడానికి దాన్ని నమ్ముకున్నవాళ్లు లేరు.

బ్రోకర్ టన్నెల్ నిలబడిందీ, ఇవి నిలబడనిదీ ఇక్కడే. ఎన్‌క్యాప్సులేషన్, అంటే చుట్టే పద్ధతి, ఒకటే, కవరు ఒకటే, 6టు4కీ బ్రోకర్‌కీ 41 అనే గుర్తు కూడా ఒకటే. తేడా అల్లా, బ్రోకర్ టన్నెల్‌కు అవతలి కొస ఎవరిదో తెలుసు. వాళ్ల పేరు సైటు మీద ఉంది. సర్వర్ పడిపోతే వాళ్లకు తెలుస్తుంది, పరువు పోయేది వాళ్లదే. అంటే గెలుపోటములు తేల్చింది ప్రోటోకాల్ కాదు, బాధ్యత.

20 బైట్ల ఖరీదు

బాధ్యత ఉన్నంత మాత్రాన ఇబ్బందులు పోవు. టన్నెల్ పెట్టుకున్న కొత్తలో చాలామందికి తగిలే దెబ్బ ఒకటుంది. పింగ్ పోతుంది. డీఎన్‌ఎస్ పలుకుతుంది. గూగుల్ హోమ్‌పేజీ టక్కున తెరుచుకుంటుంది. ఇంకో సైటుకు వెళ్తే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది, పేజీ రాదు. ఎర్రర్ కూడా రాదు. పది నిమిషాలు సెట్టింగులన్నీ తిరగేసి, రౌటర్ రీస్టార్ట్ చేసి, చివరికి 'ఐపీవీ6 అంటే ఇంతే' అని ఆపేసేవాళ్లు ఇక్కడ తయారవుతారు.

తప్పు కవరు మందంలో ఉంది. ఈథర్‌నెట్ ఒక విడతలో మోసేది 1500 బైట్లు. అందులో పై కవరు, అంటే ఐపీవీ4 హెడర్, 20 బైట్లు తినేస్తుంది. లోపలి ఐపీవీ6 ప్యాకెట్‌కు మిగిలేది 1480. కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడిచేదైతే అది ఇంకో 8 తింటుంది, మిగిలేది 1472. ఇప్పుడు దూరాన ఉన్న వెబ్ సర్వర్ తన వైపు అంతా 1500 కదా అని నిండు ప్యాకెట్ పంపిందనుకోండి. టన్నెల్ సర్వర్ దగ్గరికి వచ్చేసరికి అది పట్టదు. ఐపీవీ4 రోజుల్లో అయితే మధ్యలోని రౌటర్ దాన్ని రెండు ముక్కలు చేసి పంపేది. ఐపీవీ6లో మధ్యవాళ్లకు ముక్కలు చేసే అధికారం లేదు. 'ప్యాకెట్ పెద్దది, 1480కి తగ్గించు' అని పంపినవాడికి ఒక ఐసీఎంపీ (నెట్‌వర్క్‌లోని ఇబ్బందులు తెలిపే పద్ధతి) సందేశం వెనక్కి పంపడమే వాళ్ల పని. ఆ సందేశం అందితే అంతా సవ్యం. కానీ 'ఐసీఎంపీ అంటే ప్రమాదం' అని ఎప్పుడో ఎక్కడో విన్న అడ్మిన్ ఒకడు ఆ సైటు ముందున్న ఫైర్‌వాల్‌లో దాన్ని గుత్తగా ఆపేసి ఉంటాడు. సర్వర్‌కు కబురు అందదు, అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది, ప్రతిసారీ అది అక్కడే పడిపోతుంది. పింగ్ చిన్నది కాబట్టి దూరిపోయింది, కనెక్షన్ మొదలయ్యే పలకరింపులు చిన్నవి కాబట్టి దూరిపోయాయి, అసలు పేజీ మాత్రం దూరలేదు.

దీనికి విరుగుడు తెలిసినవాళ్లకు ఒక్క లైను పని. రౌటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్‌ను (ఒక్కో ముక్కలో పట్టే డేటా గరిష్ఠ పరిమాణాన్ని) 1420కి బిగించడం. 1480 లోంచి ఐపీవీ6 హెడర్‌కు 40, టీసీపీ హెడర్‌కు 20 తీసేస్తే వచ్చే అంకె అది. పలకరింపు దశలోనే 'నాకు ఇంతకంటే పెద్ద ముక్కలు పంపకు' అని అవతలి సర్వర్‌కు చెప్పేస్తే, ఐసీఎంపీ అవసరమే రాదు. ఏ ఐపీవీ6 దారైనా కనీసం 1280 బైట్ల ప్యాకెట్‌ను మోయాల్సిందే కాబట్టి, ఏం చేయాలో తోచనివాళ్లు టన్నెల్ ఎంటీయూను (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని) 1280కి దించి హాయిగా నిద్రపోతారు. కాస్త వేగం పోతుంది, టెన్షన్ కూడా పోతుంది.

దూరం విషయం సూటిగానే చెప్పుకోవచ్చు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. టన్నెల్ సర్వర్ 2,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే, పోయి రావడానికే 20 మిల్లీసెకన్లు. వెళ్లాల్సిన సైటు పక్కవీధిలోని డేటా సెంటర్‌లో ఉన్నా సరే, ప్యాకెట్ ముందు ఆ సర్వర్ దాకా వెళ్లి వెనక్కి రావాల్సిందే. అందుకే టన్నెల్ అడిగేటప్పుడు దగ్గరి నగరం ఎంచుకోమంటారు. ఇప్పటి బ్రౌజర్లు రెండు దారుల్నీ దాదాపు ఒకేసారి ప్రయత్నించి, ఏది ముందు పలికితే దాన్ని పట్టుకుంటాయి. 2012లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతిని హ్యాపీ ఐబాల్స్ అంటారు. 2017 నాటి సవరణ ప్రకారం ఐపీవీ6కి ఇచ్చే మొగ్గు 250 మిల్లీసెకన్లు. టన్నెల్ మెల్లగా ఉన్నా ఆ గడువులో పలికిందంటే ట్రాఫిక్ దాంట్లోనే పోతుంది. దగ్గరి దారి పక్కనే ఖాళీగా ఉంటుంది.

అరువు అడ్రస్‌తో వచ్చే తగాదాలు

టన్నెల్‌ను వీపీఎన్ అనుకునేవాళ్లు చాలామంది. కాదు. ప్రోటోకాల్ 41 టన్నెల్‌లో ఎన్‌క్రిప్షన్ లేదు, కవరు పారదర్శకం. పంపినవాడు ఎవరో రుజువు చేసే తాళమూ లేదు. బయటి ఐపీవీ4 అడ్రస్ బ్రోకర్ సర్వర్‌దిలా కనిపిస్తే చాలు, రౌటర్ నమ్మేస్తుంది. దానికి తోడు, న్యాట్ వెనక ఇన్నాళ్లూ బయటికి కనపడకుండా బతికిన ప్రింటరూ కెమెరా టీవీ ఒక్కసారిగా లోకానికంతటికీ కనిపించే అడ్రసులు తెచ్చుకుంటాయి. ఐపీవీ4కి ఫైర్‌వాల్ నియమాలు రాసుకుని, టన్నెల్ ఇంటర్‌ఫేస్‌కు రాయడం మరిచిపోతే ఇంటి వెనక తలుపు తీసిపెట్టినట్టే. /64 అంత విశాలంగా ఉంటుంది కాబట్టి వరసబెట్టి వెతికి పట్టుకోవడం కష్టం అన్నది నిజమే. కానీ పరికరం బయటికి వెళ్లిన ప్రతిచోటా తన అడ్రస్ వదిలి వస్తుందని మరవకూడదు.

ఐపీవీ4 అడ్రస్ తరచూ మారే కనెక్షన్‌తో ఇంకో చిక్కు. రాత్రి రౌటర్ రీస్టార్ట్ అయి కొత్త అడ్రస్ వచ్చిందనుకోండి. బ్రోకర్‌కు ఆ సంగతి తెలిసేదాకా మీ ప్యాకెట్లన్నీ పాత అడ్రసుకే పోతుంటాయి, అప్పటికి అది ఎవరింట్లో ఉందో. అందుకే అడ్రస్ మారగానే బ్రోకర్‌కు చెప్పే చిన్న స్క్రిప్టు ఒకటి రౌటర్‌లో పెట్టుకోవాలి. సిక్సెక్సెస్ అనే సేవ ఇందుకోసం అయియా అనే సొంత ప్రోటోకాల్‌నే తయారుచేసుకుంది. ప్యాకెట్లను యూడీపీలో చుట్టి, సంతకం పెట్టి పంపడం వల్ల అడ్రస్ మారినా, న్యాట్ వెనక ఉన్నా అది నడిచేది.

'అరువు సొమ్ము బరువు చేటు' అన్నది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. టన్నెల్‌తో వచ్చే అడ్రస్ మీది కాదు, బ్రోకర్‌ది. దాని మంచిచెడ్డలు, దాని పేచీలు కూడా అరువుకు వస్తాయి. 2016లో నెట్‌ఫ్లిక్స్ ఈ అడ్రసులను ప్రాక్సీల లెక్కన కట్టి ఆపేసింది. ఒక దేశంలో కూర్చుని ఇంకో దేశపు సర్వర్‌కు టన్నెల్ వేసుకుంటే, చూసేవాళ్లకు ఆ దేశంలో ఉన్నట్టే కనిపిస్తారు కదా. దేశాలవారీ హక్కులు అమ్ముకునే వ్యాపారానికి అది గిట్టదు. నిజాయితీగా పక్క నగరపు సర్వర్ వాడుకుంటున్నవాళ్లకూ అదే శిక్ష పడింది. వాళ్లు చేయగలిగిందల్లా ఆ ఒక్క సైటుకు ఐపీవీ6 డీఎన్‌ఎస్ జవాబులు రాకుండా ఇంట్లో ఆపుకోవడం.

ఇంకో పేచీ పెద్ద నెట్‌వర్క్‌ల మధ్యది. హరికేన్ ఎలక్ట్రిక్, కోజెంట్ అనే రెండు కంపెనీలు ఐపీవీ6లో నేరుగా కలుసుకోవడానికి ఒప్పందం కుదరలేదు. 2009లో ఒక నెట్‌వర్క్ నిపుణుల సదస్సుకు హరికేన్ వాళ్లు 'దయచేసి మాతో కలవండి' అని కోజెంట్‌ను ఉద్దేశించి రాసిన కేకు తెచ్చారు. కేకు తిన్నారు, ఒప్పందం మాత్రం కుదరలేదు. ఏళ్లు గడిచినా ఆ తగాదా తెగలేదు. ఫలితంగా హరికేన్ టన్నెల్ మాత్రమే ఉన్నవాళ్లకు, కోజెంట్ మీద మాత్రమే ఆధారపడిన ఐపీవీ6 సైట్లు కనిపించవు. టన్నెల్ చక్కగా ఉంటుంది, సైటు చక్కగా ఉంటుంది, మధ్యలో వ్యాపారం అడ్డు.

సాయమా, సాకా

ఇన్ని ఇబ్బందులున్నా జనం వీటిని ఎందుకు వాడారంటే, వేరే దారి లేక. ఇంటర్నెట్ కంపెనీలు 'సైట్లు లేవు కదా' అన్నాయి, సైట్లు 'జనం లేరు కదా' అన్నాయి. చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ వాదన ఏళ్లు నడిచింది. ఆ మధ్యలో చిక్కుకున్న ప్రోగ్రామర్లు, నెట్‌వర్క్ నేర్చుకునే కుర్రాళ్లు, సాఫ్ట్‌వేర్ పరీక్షించాల్సినవాళ్లు టన్నెల్ పట్టుకున్నారు. హరికేన్ ఎలక్ట్రిక్ దీన్ని పాఠశాలగా మలిచింది. ఐపీవీ6 మీద వెబ్ సర్వర్ నడపాలి, మెయిల్ అందుకోవాలి, రివర్స్ డీఎన్‌ఎస్ (అడ్రస్ నుంచి పేరు కనుక్కునే ఏర్పాటు) సరిగ్గా పెట్టాలి. ఒక్కో మెట్టు దాటితే ఒక్కో బిరుదు, చివరి మెట్టు 'సేజ్' చేరితే టీ షర్టు. నవ్వొచ్చినా, కాన్ఫిగరేషన్ ఫైలు చేత్తో రాసి తప్పులు దిద్దుకున్నవాళ్లు ఎంతమందిని తయారుచేసిందో ఆ టీ షర్టు. కంపెనీకి ఇది దానం కాదు. నెట్‌వర్క్ కనెక్షన్లు అమ్ముకునే సంస్థకు రేపటి కొనుగోలుదారులు నేడు తన దగ్గరే చదువుకోవడం కంటే మంచి ప్రచారం ఏముంటుంది?

సిక్సెక్సెస్ దారి వేరు. జెరోన్ మాసార్, పిమ్ వాన్ పెల్ట్ అనే ఇద్దరు నడిపిన ఈ సేవలో సర్వర్లు వివిధ ఇంటర్నెట్ కంపెనీలు ఇచ్చినవి. ఖాతా కోసం పెట్టుకున్న అర్జీని మనుషులు చదివి ఒప్పుకోవాలి. టన్నెల్‌ను నిలకడగా నడిపితే క్రెడిట్లు వస్తాయి, ఆ క్రెడిట్లతోనే ఇంకో టన్నెలో, సబ్‌నెట్టో (అడ్రసుల బ్లాకో) కొనుక్కోవాలి. కాస్త కఠినంగా ఉండే పద్ధతి. దాంతో నాణ్యత నిలిచింది. అలాంటి సేవ ముందు కొత్త ఖాతాలు ఆపేసి, 'మీ ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి ఐపీవీ6 అడగండి' అని జనాన్ని పురమాయించి, 2017 జూన్ 6న పూర్తిగా మూతపడింది. 6బోన్ ఆగింది 2006 జూన్ 6న, పెద్ద సైట్లు ఐపీవీ6ను శాశ్వతంగా తెరిచింది 2012 జూన్ 6న, ఇది మూసింది కూడా అదే తేదీన. ఈ రంగంలోవాళ్లకు ఆరు అంకె మీద ఉన్న మోజు ఇంతా అంతా కాదు.

మూసివేతకు వాళ్లు చెప్పిన కారణంలోనే ఈ కథ గుట్టు ఉంది. ఉచిత టన్నెల్ దొరుకుతున్నంతకాలం, అడిగిన కస్టమర్‌కు 'అదిగో అక్కడ తీసుకోండి' అని చెప్పి చేతులు దులుపుకునే వీలు ఇంటర్నెట్ కంపెనీలకు ఉంది. సాయం కాస్తా సాకు అయింది. కెనడాలో పుట్టి ఎన్నో ఏళ్లు నడిచిన ఫ్రీనెట్6 కూడా అంతకు ముందు ఏడాదే మూతపడింది. వీళ్ల వాదనలో బలం ఉన్నా, మొత్తం నిజం ఉందని మాత్రం చెప్పలేం. టన్నెల్ వాడేవాళ్లు మొత్తం కస్టమర్లలో చిటికెడు. వాళ్ల గొడవ తప్పినందుకే కంపెనీలు నిదానించాయనడం వాళ్ల బలాన్ని ఎక్కువ చేసి చూపడమే. కంపెనీలను కదిలించింది ఐపీవీ4 కరవు. కేంద్రీయ నిల్వలోని ఆఖరి బ్లాకులు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ దివాలా తీసిన టెలికాం కంపెనీ నోర్టెల్ నుంచి 6,66,624 అడ్రసులను 75 లక్షల డాలర్లకు కొనుక్కుంది. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ క్లౌడ్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. ఏడాదికి దాదాపు 44 డాలర్లు. గూగుల్‌కు ఐపీవీ6తో వచ్చేవాళ్లు 2012 మొదట్లో ఒక శాతం లోపు, ఇప్పుడు 40 శాతం పైన. ఈ పెరుగుదల వెనక సూత్రాలకంటే బిల్లుల పాత్రే ఎక్కువ.

కంపెనీ తలచుకుంటే ఎంత త్వరగా అవుతుందో చూపిందీ ఒక టన్నెలే. ఫ్రాన్స్‌లో ఫ్రీ అనే ఇంటర్నెట్ కంపెనీ 2007 చివర్లో ఐదంటే ఐదు వారాల్లో తన కస్టమర్లకు ఐపీవీ6 ఇచ్చింది. రెమీ డెప్రే రూపొందించిన ఆ పద్ధతి పేరు 6ఆర్‌డీ. ఆ ఆర్‌డీ 'వేగంగా అమర్చడం' అన్న అర్థానికీ సరిపోతుంది, ఆయన పేరులోని పొడి అక్షరాలకీ సరిపోతుంది. లోపల ఉన్నది పాత 6టు4 లెక్కే. ఒక్కటే మార్పు, రిలే ఎవరో దారినపోయేవాళ్లది కాకుండా సొంత కంపెనీది, అడ్రస్ కూడా సొంత కంపెనీది. అంతటితో అపనమ్మకమైనది నమ్మకమైనదయింది.

ఎవరికి కావాలో వాళ్లకే అందనిది

ఇప్పటికీ ఐపీవీ6 ఇవ్వని కనెక్షన్లు ఉన్నాయి కాబట్టి బ్రోకర్లకు పని ఉండాలి. ఇక్కడో విడ్డూరం. ఐపీవీ4 అడ్రసులు చాలని కంపెనీ వందల ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక కుక్కుతుంది. దీన్ని సీజీన్యాట్ అంటారు. రౌటర్ స్టేటస్ పేజీలో బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో కనిపిస్తే మీరు అందులో ఉన్నట్టే. 2012లో ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించిన సంఖ్యలు అవి. ఇంట్లో ఉన్న కెమెరాను బయటి నుంచి చూడలేనివాళ్లు, సొంత సర్వర్ పెట్టుకోలేనివాళ్లు వీళ్లే. వీళ్లకే ఐపీవీ6 అందరికంటే ఎక్కువ అవసరం. కానీ ప్రోటోకాల్ 41కి పోర్టు నంబర్లు ఉండవు, అవతల వందల ఇళ్లలో ఏ ఇంటికి ఇవ్వాలో సీజీన్యాట్‌కు తెలియదు, పారేస్తుంది. అసలు బ్రోకర్ పంపే మొదటి పింగ్‌కే సరైన చోటు నుంచి జవాబు రాదు. పబ్లిక్ ఐపీవీ4 ఉన్నవాళ్లకు మాత్రమే ఉచిత టన్నెల్. లేనివాళ్లకు లేదు.

దీనికి ఇప్పుడు ఎక్కువమంది పట్టుకుంటున్న మార్గం వైర్‌గార్డ్. 2020 మార్చిలో లినక్స్ కెర్నల్ 5.6తో వచ్చేసింది. యూడీపీ మీద నడుస్తుంది, మాట కలిపేది ఇంటివైపు నుంచే కాబట్టి సీజీన్యాట్ అడ్డురాదు, పాతిక సెకన్లకోసారి చిన్న పలకరింపు పంపుతూ దారి మూసుకుపోకుండా చూసుకోవచ్చు. ఎన్‌క్రిప్షన్ ఎలాగూ ఉంది. చవక వీపీఎస్ (డేటా సెంటర్‌లోని వర్చువల్ సర్వర్) ఒకటి అద్దెకు తీసుకుంటే ఎవరికి వాళ్లే బ్రోకర్ అయిపోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. చాలా వీపీఎస్ కంపెనీలు ఒకే /64 ఇస్తాయి, అది కూడా నేరుగా సర్వర్ కార్డుకు తగిలించి. దాన్ని ఇంటిదాకా లాక్కెళ్లాలంటే ఆ అడ్రసులన్నీ తనవేనని సర్వర్ పక్కవాళ్లకు అబద్ధం చెప్పాలి, దానికి ఎన్‌డీపీ ప్రాక్సీ పెట్టాలి. సర్వర్‌కు విడిగా ఒక /56 గానీ /48 గానీ రూట్ చేసి ఇచ్చే కంపెనీని ముందే వెతుక్కుంటే ఈ బాధ ఉండదు.

పెద్ద నెట్‌వర్క్‌ల లోపల ఈలోగా టన్నెళ్ల దిశే మారిపోయింది. కొత్తగా కట్టిన నెట్‌వర్క్‌లు కొన్ని పూర్తిగా ఐపీవీ6 మీదే నడుస్తున్నాయి, ఐపీవీ4ను అందులో చుట్టి పంపుతున్నాయి. 2011లో వచ్చిన డీఎస్-లైట్, 2015లో ప్రమాణమైన మ్యాప్-ఈ చేసే పని ఇదే. జపాన్‌లో ఇళ్లకు వచ్చే ఫైబర్ కనెక్షన్లలో ఇవి మామూలు విషయం. ఒకప్పుడు పొట్టలో దాక్కుని వెళ్లినది ఇప్పుడు మోస్తోంది. మోయించుకున్నవాళ్లకు ఎంటీయూ గొడవ మాత్రం అలాగే ఉంది. ఐపీవీ6 హెడర్ పెద్దది కాబట్టి ఇప్పుడు కోతపడేది 20 కాదు, 40 బైట్లు. ఐసీఎంపీని గుత్తగా ఆపేసిన ఆ పాత ఫైర్‌వాల్ ఇంకా అక్కడే ఉంది.